‘అర్థమైందా?’ అని ఇక అడగకండి

ప్రశ్న: నేను గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగు కళాశాలలో తొమ్మిదేళ్లు ఇంగ్లీషు బోధించాను. భారతీయాంగ్ల నవల మీద పీహెచ్‌డీ చేశాను. ఇథియోపియాలో, ఒరోమియా ప్రాంతంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరి ఐదు వారాలైంది. మొదటి సంవత్సరం విద్యార్థులకు కమ్యూనికేటివ్ ఇంగ్లీషు మాత్రమే ఇచ్చారు. తరగతికి అరవై మంది. ‘అర్థమైందా’ అని అడిగితే కనుబొమలు ఎగరేస్తారు. కొందరైతే ఉలిక్కిపడినట్టు గాలి లోపలికి పీలుస్తారు. ఒక్కరూ నోరు తెరవరు. పోయిన వారం తరగతి ప్రతినిధి వెళ్లి, టీచరు మాట అందడం లేదని విభాగాధిపతికి చెప్పాడట. ఆయన మర్యాదగానే ఆ విషయం నాతో అన్నా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సమావేశాలు ఇంగ్లీషులో మొదలై స్థానిక భాషలోకి వెళ్లిపోతాయి. నా ఉచ్చారణ మార్చుకోవాలా? మావారు, ఏడేళ్ల బాబు ఊళ్లోనే ఉన్నారు. ఈ సెమిస్టరు కాగానే రాజీనామా చేసి వచ్చేద్దామనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందుగా మిమ్మల్ని అంత కలవరపెట్టిన ఆ గుక్క సంగతి చూద్దామమ్మా. ఇథియోపియాలో చిన్నగా చప్పుడయ్యేలా గాలి లోపలికి పీల్చడం ‘అవును’ అని చెప్పే పద్ధతి. కనుబొమలు పైకెత్తడం కూడా అంతే. మీ విద్యార్థులు ఐదు వారాలుగా మీకు జవాబు చెబుతూనే ఉన్నారు, అది మాట రూపంలో రాకపోవడం వల్ల మీకు భయంగానో నిరసనగానో కనిపించింది. అయితే ఈ సంగతి తెలిసింది కదా అని, వాళ్లకు అన్నీ బోధపడుతున్నాయన్న ధీమాతో ముందుకు సాగిపోకండి. ఆ ‘అవును’కు ‘వింటున్నాను, చెప్పండి’ అనే అర్థమే ఎక్కువ. అడుగడుగునా మీకు వినిపించే ‘ఇషీ’ అన్న మాట కూడా ‘సరే’ అని ఒప్పుకోవడమే తప్ప, విషయం తలకెక్కిందని చెప్పడం కాదు. గురువు ముందు నిలబడి ‘నాకు తెలియలేదు’ అనడం మన దగ్గర మాత్రం ఎంతమంది చేయగలరు? తెలుగు మాధ్యమంలో చదివి బీటెక్ మొదటి సంవత్సరంలో వెనక బల్ల మీద కూర్చున్న పిల్లవాడు కూడా ‘యస్ మేడం’ అనే అనేవాడు. అందుచేత నేను చెప్పదలచుకున్నది ఒకటే: ‘అర్థమైందా’ అని అడగడం మీరు పూర్తిగా మానేయాలి. వాళ్లకు ఎంత తెలిసిందో వాళ్ల చేతి రాతలోనూ పక్కవాడితో ఆడే మాటలోనూ మీకు కనబడేలా పాఠాన్ని కట్టుకోవాలి. మీరు అడిగిన తక్కిన విషయాలు, ఉచ్చారణతో సహా, చాలావరకు దీని కిందికే వస్తాయి.

ఎదురుగా కూర్చున్న పిల్లలు ఎక్కడి నుంచి వచ్చారో కాస్త చూడండి. 1994 నాటి విద్యావిధానం ప్రకారం వాళ్ల ప్రాథమిక విద్య మాతృభాషలో సాగింది. తొమ్మిదో తరగతి నుంచి, కొన్ని ప్రాంతాల్లో అంతకు కాస్త ముందు నుంచి, పాఠాలన్నీ ఇంగ్లీషులోకి మారిపోయాయి. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా, టీచరు నల్లబల్ల మీద ఇంగ్లీషులో రాసినా, వివరించేది మాత్రం చాలాచోట్ల ఇంటి భాషలోనే. సిదామా, వొలైతా అనే అక్కడి జాతుల పిల్లవాడికో అమ్మాయికో ఇంట్లో ఒక భాష, బజారులోనూ కార్యాలయంలోనూ అమ్హారిక్, ఆ తర్వాత మూడోదిగా ఇంగ్లీషు. ఆ మూడో భాషను వాళ్లు చదివారు, చూసి రాసుకున్నారు, పరీక్ష రాశారు. ఒక గంటసేపు కొత్త మనిషి నోటి నుంచి ఎడతెగకుండా వినవలసిన అవసరం చాలామందికి ఇంతకుముందు రాలేదు.

దీనికి తోడు పరీక్ష భయం ఒకటుంది. పన్నెండో తరగతి జాతీయ పరీక్షను 2022లో విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లోనే, గట్టి నిఘాలో జరపడం మొదలుపెట్టినప్పుడు, దాదాపు తొమ్మిది లక్షల మంది రాస్తే సగం మార్కులు దాటినవారు 3.3 శాతమే. మరుసటి ఏడు కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. అందుకే కొద్దిలో తప్పినవారి కోసం విశ్వవిద్యాలయాల్లోనే రెమిడియల్ తరగతులు పెట్టారు. అంటే మీ ముందున్న అరవై మందీ ఒక ఇరుకు ద్వారంలోంచి నెట్టుకుని లోపలికి వచ్చినవాళ్లు. కొందరు ఒకసారి తప్పి, ఏడాది ఆగి, రెండో ప్రయత్నంలో వచ్చినవాళ్లు. చివర్లో డిగ్రీ చేతికి రావడానికి 2023 నుంచి ఎగ్జిట్ పరీక్ష కూడా ఉంది. ఇంత కష్టపడి వచ్చిన పిల్ల నలుగురిలో తప్పు ఇంగ్లీషు మాట్లాడి పేరు పోగొట్టుకోవడానికి సిద్ధపడదు. వాళ్ల మౌనాన్ని మందకొడితనంగా ఎంచకండి, మీ మీద అయిష్టంగా అసలే ఎంచకండి.

ఇక్కడ ఒక తెలుగు మనిషిగా మీకున్న బలం మీరు గుర్తించినట్టు లేదు. అమ్హారిక్, అఫాన్ ఒరోమో (ఒరోమో ప్రజల భాష), సిదామా, వొలైతా – ఇవన్నీ తెలుగులాగే వాక్యం చివర క్రియను ఉంచే భాషలు. అమ్హారిక్‌లో ‘నిన్న వచ్చిన మనిషి’ అన్నప్పుడు మనలాగే విశేషణ వాక్యం నామవాచకానికి ముందే వస్తుంది. ఒరోమోలో అది వెనక వస్తుంది. కాబట్టి ఇంగ్లీషు వాక్యం కట్టేటప్పుడు ఆ పిల్లలు తడబడే చోట్లు చాలావరకు గుంటూరు పిల్లలు తడబడిన చోట్లే. కర్త పక్కనే క్రియ రావాలన్న సంగతి మరిచి సమాచారమంతా ముందే కుమ్మరించడం, ‘హూ’, ‘విచ్’ వచ్చేసరికి వాక్యం తెగిపోవడం, విభక్తికి అలవాటుపడిన నాలుకకు ‘ఇన్’, ‘ఆన్’, ‘ఎట్’ తేడా అందకపోవడం – వీటిని సరిదిద్దే ఉపాయాలు తొమ్మిదేళ్లలో మీరు తయారుచేసుకునే ఉంటారు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే ఉపాధ్యాయుడికి ఆ తప్పు ఎక్కడి నుంచి పుడుతోందో తెలియాలంటే చాలాకాలం పడుతుంది.

లిపి సంగతి కూడా చూడండి. అమ్హారిక్ రాసే ఫిదెల్ లిపిలో ఒక్కో హల్లుకు ఏడు అచ్చుల రూపాలుంటాయి, మన గుణింతం వంటిదే. ఆ లిపిలో చదువు మొదలుపెట్టిన పిల్లవాడు పదం మొదట్లో రెండు హల్లులు కలిసివస్తే మధ్యలోనో ముందో ఒక చిన్న అచ్చు చేరుస్తాడు. మన ఊళ్లలో ‘ఇస్కూలు’ అన్నట్టే. ఒరోమో పిల్లల ఇబ్బంది వేరు. 1991 నుంచి వాళ్ల భాషను రోమన్ అక్షరాల్లో రాస్తున్నారు. కానీ ఆ ‘కుబే’ పద్ధతిలో ‘సి’ అక్షరం గొంతు నొక్కి పలికే ఒక రకం ‘చ’, ‘ఎక్స్’ అక్షరం అలాగే నొక్కి పలికే ‘త’, దీర్ఘానికి అచ్చును రెండుసార్లు రాస్తారు. ఆ పిల్లలకు ఇంగ్లీషు అక్షరాలు కొత్త కాదు, వాటి వెనక ఉన్న ధ్వనులు వేరు. వచ్చే వారం ఒక పది వాక్యాలు నిదానంగా డిక్టేషన్ చెప్పి, మార్కులు వేయకుండా, ఆ కాగితాలు గదికి తెచ్చుకుని చదవండి. ఏ తప్పు వాళ్ల లిపి వల్ల వచ్చిందో, ఏది మీ పలుకు వల్ల వచ్చిందో విడివిడిగా కనిపిస్తుంది. ఆ ఒక్క కట్ట కాగితాలు మీ సెమిస్టరు ప్రణాళికను మార్చేస్తాయని నా నమ్మకం.

ఇక ఉచ్చారణ. మార్చుకోవద్దు. అమెరికా యాస తెచ్చిపెట్టుకుంటే ఇప్పుడు అందుతున్న కొద్దిపాటి కూడా అందకుండా పోతుంది, మీకూ తరగతిలో సహజంగా నిలబడడం కష్టమవుతుంది. మార్చవలసింది వేగం, విరుపు. మన ఇంగ్లీషులో ప్రతి అక్షరానికీ ఇంచుమించు ఒకే కాలం ఇచ్చి, నొక్కు లేకుండా గబగబా సాగిపోతాం. వినేవారికి ముఖ్యమైన మాట ఏదో తేలదు. మీ పాఠం పది నిమిషాలు ఫోనులో రికార్డు చేసుకుని, మరునాడు వినండి. ఎక్కడ ఊపిరి తీసుకోకుండా మూడు వాక్యాలు కలిపేశారో, పదం చివరి ‘డ’, ‘ట’, ‘స’ ఎక్కడ మింగేశారో మీకే వినిపిస్తుంది. ‘వి’, ‘డబ్ల్యూ’ రెండింటినీ మనం ఒకే ‘వ’గా పలుకుతాం, అక్కడి పిల్లలకు వాటి తేడా వినిపిస్తుంది కాబట్టి ఆ ఒక్క జంట మీద మాత్రం శ్రద్ధ పెట్టండి. కీలకమైన మాట పలకడానికి ముందే నల్లబల్ల మీద రాయండి, రాశాక పలకండి, పలికాక ఆగండి. మరొకటి: ‘ఎనీ డౌట్స్?’ అని మనం అలవాటుగా అడుగుతాం. మన కళాశాలల బయట ఆ మాటకు సందేహించడం, నమ్మకపోవడం అనే అర్థమే ఎక్కువ. టీచరునే నమ్మడం లేదని ఎవరు చేయి ఎత్తి చెబుతారు? ‘బై హార్ట్’ చేయమనడం, పరీక్షను ‘ప్రీపోన్’ చేశామనడం, ‘పాస్డ్ అవుట్’ అనడం కూడా అక్కడ పనికిరావు. వాళ్లకూ తమ మాటలున్నాయి. విద్యార్థుల భోజనశాలను ‘కెఫే’ అంటారు, పాఠ్యాంశాల పుస్తకాన్ని ‘మాడ్యూల్’ అంటారు. వాటిని మీరు నేర్చుకుని వాడితే సగం దూరం తగ్గుతుంది.

పాఠం ఎలా కట్టాలో ఒక గంట ఉదాహరణగా చెబుతాను. పేరాగ్రాఫు రాయడం గురించి చెప్పాలనుకోండి. నిర్వచనంతో మొదలుపెట్టకండి. నల్లబల్ల మీద ఆరు వాక్యాలున్న ఒక చిన్న పేరా రాయండి, విషయం వాళ్లది కావాలి: ఇంట్లో కాఫీ కాచే తంతు తీసుకోండి, పచ్చి గింజలు వేయించడం దగ్గర నుంచి అబోల్, తోనా, బరకా అని మూడు విడతలుగా పోయడం దాకా. అందులో ఒక వాక్యం పేరాకు సంబంధం లేనిది ఉంచండి. చదవడానికి రెండు నిమిషాలు పూర్తి నిశ్శబ్దం ఇవ్వండి. తర్వాత ఏ వాక్యం తీసేయాలో, ఎందుకో ప్రతి ఒక్కరూ చిన్న చీటీ మీద, పేరు లేకుండా, ఒక్క వాక్యంలో రాయాలి. అది రాశాకే పక్కవాడితో పోల్చుకోవాలి, కావాలంటే తమ భాషలోనే మాట్లాడుకోనివ్వండి. ఇద్దరూ ఒప్పుకున్న వాక్యాన్ని ఇంగ్లీషులో తిరగరాశాక, అప్పుడు మీరు ఒక జంటను చదవమని అడగండి. అప్పటికి వాళ్ల చేతిలో రాసి ఉన్న వాక్యం ఉంటుంది, దాన్ని పక్కవాడు ఆమోదించి ఉంటాడు, తప్పయినా ఇద్దరిదీ. మౌనం అక్కడే సడలుతుంది. చీటీలు మీరు తీసుకుని, రాత్రికి చూసి, మరునాటి తరగతి మొదటి పది నిమిషాలు వాటి మీద గడపండి. అరవై చీటీలు చూడడానికి అరగంట చాలు. ఎన్నిసార్లు ‘అర్థమైందా’ అని అడిగినా రాని జవాబును ఆ అరగంట మీకిస్తుంది.

గుంపులుగా పని చేయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఐదుగురికొక బృందంగా కూర్చోవడం అక్కడి విద్యార్థులకు బాగా అలవాటే, కొన్నేళ్లపాటు అది ప్రభుత్వమే ప్రోత్సహించిన పద్ధతి; కానీ చురుకైన ఒకరు పని చేసి మిగిలిన నలుగురూ పేరు రాసుకోవడం కూడా దానితోపాటే అలవాటైంది. కాబట్టి బృందంలో ఎవరు ఏం చేయాలో మీరే పంచి, మార్కుల్లో కొంత భాగం ఒక్కొక్కరికి విడిగా ఇవ్వండి. సాధారణంగా సగం మార్కులు నిరంతర మూల్యాంకనానికే ఉంటాయి గనుక ఇది మీ చేతిలో పనే. అమ్మాయిల్ని ప్రత్యేకంగా గమనించండి. గుంపులో వాళ్లకు చూసి రాసే పని మాత్రమే వదిలేసి, మాటలన్నీ అబ్బాయిలే ఆడేయకుండా చూడండి. వాళ్ల కోసం జరిగే ట్యుటోరియల్ తరగతులు మీ దగ్గర ఉంటే ఒకటి మీరు అడిగి తీసుకోండి, చిన్న గుంపులో మీకూ మాట కలుస్తుంది.

ఇంకో జాగ్రత్త ఇంతకన్నా ముఖ్యమైనది. గత కొన్నేళ్లుగా ఆ దేశం జాతుల మధ్య ఘర్షణలతో, యుద్ధంతో చాలా నలిగింది; ప్రాంగణాల్లో కూడా ఆ గాయాలు తగిలాయి. ఏ విద్యార్థినీ నీది ఏ జాతి అని అడగకండి, తమాషాకు కూడా. ఏ భాషలు చదవడం, రాయడం వచ్చో తెలుసుకోవాలంటే పేరులేని చీటీ మీద అడగండి. ఒరోమియాలో ఉన్నారు గనుక అమ్హారిక్ నాలుగు ముక్కలు నేర్చి అవే అందరి దగ్గరా వాడడం కూడా సరికాదు. పలకరింపుకు అమ్హారిక్ ‘సెలామ్’తో పాటు ఒరోమో ‘అక్కమ్’, కృతజ్ఞతకు ‘అమెసెగ్నాలెహు’తో పాటు ‘గలతోమా’ నేర్చుకోండి, ఎదుటివారు ఏ భాషలో పలకరిస్తే ఆ భాషలో బదులు చెప్పండి.

తరగతి ప్రతినిధి చేసిన పనిని ఫిర్యాదుగా మనసులో పెట్టుకోకండి. మీ ముందు చెప్పడం మర్యాద కాదనుకుని, పెద్దవారి ద్వారా చెప్పించాడు, అంతే. అతణ్ని, ఒక అమ్మాయిని, వెనక వరుసలో కూర్చునే మరొకరిని పిలిచి, చెప్పినందుకు ముందుగా కృతజ్ఞతలు చెప్పి, ఏది అందడం లేదో రాసి ఇమ్మనండి. ఆ తర్వాత తరగతిలో అందరికీ మీరు చేస్తున్న మార్పులు చెప్పండి: నిదానంగా మాట్లాడతాను, ముఖ్యమైన మాటలు ముందే రాస్తాను, ప్రతి పాఠం సారాంశం నా గొంతుతో ఐదు నిమిషాలు రికార్డు చేసి టెలిగ్రాం గుంపులో పెడతాను అని. అక్కడి విద్యార్థులకు టెలిగ్రాం బాగా అలవాటు. అదే గొంతును గదిలో నాలుగుసార్లు వింటే మీ పలుకు వాళ్లకు త్వరగా పట్టుబడుతుంది. ఇదే విషయం విభాగాధిపతికి ఒక పుటలో రాసి ఇవ్వండి. నెల రోజుల తర్వాత ఒకసారి తరగతికి వచ్చి చూడమని మీరే అడగండి. సంజాయిషీ చెప్పుకునే స్థానం నుంచి పని చూపించే స్థానంలోకి వస్తారు.

సమావేశాల గురించి ఎక్కువ బాధపడవద్దు. మన స్టాఫ్ మీటింగులు కూడా పది నిమిషాల్లో తెలుగులోకి దిగేవి కదా, పక్కన కూర్చున్న ఒడియా సహోద్యోగి కోసం ఎంతమంది ఆగేవారు? ఒక మిత్రుణ్ని చూసుకుని, చివర్లో తీసుకున్న నిర్ణయాలు, గడువులు మాత్రం అడిగి రాసుకోండి. ఆ గడువుల్లో పొరపాటు పడకండి: వాళ్ల గడియారం మన ఉదయం ఆరు గంటలకు మొదలవుతుంది గనుక ‘రెండు గంటలకు పరీక్ష’ అంటే మన ఎనిమిది గంటలకు, వాళ్ల సంవత్సరం సెప్టెంబరు 11న, లీపు సంవత్సరానికి ముందైతే 12న, మొదలవుతుంది, మన లెక్కకు ఏడెనిమిదేళ్లు వెనక ఉంటుంది, నెలలు పదమూడు. ప్రతి తేదీకీ, గంటకూ ఏ లెక్క అని అడగండి, ఎవరూ తప్పుపట్టరు. పేరు విషయం కూడా చూసుకోండి. అక్కడ మొదట సొంత పేరు, తర్వాత తండ్రి పేరు; ఇంటిపేర్లు లేవు. మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటే అందరూ మిమ్మల్ని మీ ఇంటిపేరుతోనే పిలుస్తుంటారు.

నవల మీద పరిశోధన చేసి మొదటి సంవత్సరం ఇంగ్లీషు చెప్పవలసి రావడం మీకు చిన్నతనంగా ఉన్నట్టు మీ ఉత్తరంలో తోచింది. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో, ఆ దేశం కొత్తగా బడులు తెరుస్తున్నప్పుడు, వందలాది భారతీయ ఉపాధ్యాయులు వెళ్లి మారుమూల ఊళ్లలో పాఠాలు చెప్పారు. అక్కడి పెద్దవాళ్లలో ‘మా టీచరు ఇండియన్’ అని ఆప్యాయంగా చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు చెప్పింది ఎక్కువగా అక్షరాలూ లెక్కలూ వ్యాకరణమే. ఆ దేశంలో వైద్యం, ఇంజినీరింగు, న్యాయం, అన్నీ ఇంగ్లీషులోనే చదవాలి గనుక మీ తరగతిలో కుదురుకున్న పిల్లకు మిగిలిన ఏళ్లన్నీ సులువవుతాయి, కుదురుకోనిది ప్రతి సబ్జెక్టులోనూ దెబ్బతింటుంది. సాహిత్యం అడగండి, అడగవలసిందే. కానీ రెండో సెమిస్టరు చివర, ఈ తరగతి ఫలితాలు చేతిలో పెట్టుకుని అడగండి.

ఆరోగ్యం, తిండి గురించి రెండు మాటలు. ఎత్తైన ప్రాంతాల్లో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి ప్రెషర్ కుక్కర్ లేకపోతే పప్పు త్వరగా ఉడకదు, తెప్పించుకోండి. శాకాహారులైతే బుధ, శుక్రవారాల్లో ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాస భోజనం హోటళ్లలో దొరుకుతుంది. ఇంజెరా అనే పులిసిన పిండి దోసెలాంటి రొట్టె మీద షిరో (శనగపిండి కూర), పప్పు, ఆకుకూరలు వడ్డిస్తారు, కారం మనకు సరిపోతుంది. సెలవులకు ఊరొచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా కార్డు మరిచిపోకండి, అది లేకుండా దిగితే మన దగ్గర క్వారంటైన్‌లో ఉంచుతారు.

చివరిగా రాజీనామా. బాబు కోసం మనసు కొట్టుకుంటే రావడంలో తప్పేమీ లేదు, ఆ నిర్ణయానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కానీ ఒక ప్రతినిధి మాట విని, ఐదు వారాల నిశ్శబ్దం చూసి, నాకు బోధించడం రాదేమోనన్న దిగులుతో మాత్రం రావద్దు. ఒప్పందం తీసి మూడు సంగతులు చూడండి: మధ్యలో వదిలితే ఎన్ని నెలల ముందు చెప్పాలి, తిరుగు విమానఖర్చు ఎవరిది, జీతం డాలర్లలో ఎంత, అక్కడి కరెన్సీ అయిన బిర్రుల్లో ఎంత. 2024 జులైలో బిర్రు మారకపు విలువను మార్కెట్టుకు వదిలేశాక అది బాగా పడిపోయింది కాబట్టి, మీరు వెళ్లేటప్పుడు వేసుకున్న లెక్క ఇప్పుడు సరిపోకపోవచ్చు. మీవారితో కూర్చుని మళ్లీ వేయండి. కుటుంబాన్ని రెండో ఏడాది తీసుకువెళ్లే వీలుంటే బాబుకు అక్కడ బడి ఏది, ఎంత దూరం అన్నది ఇప్పుడే తెలుసుకోవడం మొదలుపెట్టండి. ఈలోగా వారానికి రెండుసార్లు, బాబు నిద్రపోయే వేళ చూసుకుని, ఒకే సమయానికి ఫోను చేయండి. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. మొదటి సెమిస్టరు మార్కులు ఇచ్చి, డిక్టేషన్ కాగితాలు మరోసారి రాయించి, మొదటి కట్టతో పోల్చి చూశాక మీకు ఏమనిపిస్తోందో నాకు రాయండి.